మాయమైన లక్షణం – మిగిలిపోయిన లోపం
చిన్న పక్షవాతం తరువాత రోబో చేసే సూక్ష్మ పరీక్ష

భిలాయి కర్మాగారంలో 1960 నుంచి రైలుపట్టాలు తయారవుతున్నాయి. ఇంత సుదీర్ఘ కాలంలో ఇంజనీర్లమైన మేము నేర్చుకొన్న పాఠాలలో ముఖ్యమైనది ఒకటున్నది. కంటికి బాగున్నదంతా నిజంగా బాగున్నట్లు కాదు. కరిగిన ఉక్కులో హైడ్రోజన్ మోతాదు మించితే, పట్టా చల్లబడిన పిమ్మట దాని గర్భంలో వెంట్రుకవాసి పగుళ్ళు ఏర్పడతాయి. పైకి చూస్తే పట్టా నునుపుగా, నిటారుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. చేత్తో తడిమినా ఏమీ తెలియదు. కాని కొన్ని సంవత్సరాల తరువాత, వేలాది చక్రాల బరువు మోసి మోసి, ఒకనాటి తెల్లవారుజామున ఆ పగులు దగ్గరే పట్టా విరుగుతుంది. అందువల్లనే మనం ఉక్కును శూన్యపాత్రలో ఉంచి అందులోని వాయువులను తొలగిస్తాము. 130 మీటర్ల ఏకఖండపు పట్టానైనా సరే, లోపలి పగుళ్ళ కోసం అల్ట్రాసోనిక్ పరీక్షకు, పై పగుళ్ళ కోసం ఎడ్డీ కరెంట్ పరీక్షకు గురిచేయకుండా బయటికి పంపము.

పట్టా విషయంలో ఇంత జాగరూకత వహించే మనం, ఆ పట్టాను తయారుచేసే మనిషి విషయంలో మాత్రం కంటిచూపుతోనే సరిపెట్టుకొంటాము. ‘నిన్న చెయ్యి కాస్త పట్టు తప్పింది, మాట తడబడింది, పది నిమిషాల్లో సర్దుకొన్నది, ఇప్పుడేమీ లేదు’ అని ఎవరైనా చెబితే, ‘గండం గడిచింది’ అనుకొని మరునాడు షిఫ్టుకు పంపిస్తాము. ఆ గండం నిజంగా గడిచినదా, లేక లోపల ఏదైనా పగులు మిగిల్చి వెళ్ళినదా అన్న ప్రశ్నకు సమాధానం వెదికే ఒక నూతన పరికరాన్ని గురించి, దాని నుంచి మనం గ్రహించవలసిన విషయాన్ని గురించి ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

చిన్న పక్షవాతం అంటే ఏమిటి?

మన శరీరపు బరువులో మెదడు సుమారు 2 శాతం మాత్రమే. కాని మనం పీల్చే ప్రాణవాయువులో దాదాపు 20 శాతం అదే వినియోగించుకొంటుంది. నిల్వ చేసుకొనే ఏర్పాటు దానికి లేదు. కనుక రక్తప్రసరణ కొద్ది నిమిషాలు ఆగినా ఆ ప్రాంతం పని ఆపేస్తుంది. ధమనిలో చిక్కుకొన్న రక్తపు గడ్డ కదలకపోతే ఆ ప్రాంతంలోని కణాలు నశిస్తాయి. దానినే మనం పక్షవాతం అంటున్నాము. అలాకాక, గడ్డ తనంతట తాను కరిగిపోయి, రక్తం తిరిగి ప్రవహిస్తే, ఆగిన పని మళ్ళీ మొదలవుతుంది. చెయ్యి లేస్తుంది, మాట వస్తుంది, చూపు తేటపడుతుంది. ఈ రెండవ దానినే వైద్యులు టి.ఐ.ఏ. అంటారు. జనం మినీ స్ట్రోక్ అంటారు. ఎక్కువ సందర్భాలలో లక్షణాలు గంటలోపే తొలగిపోతాయి.

లక్షణాలు 24 గంటలలోపు తొలగిపోతే అది టి.ఐ.ఏ. అని పూర్వం నిర్వచించేవారు. ఎమ్.ఆర్.ఐ. యంత్రాలు వచ్చిన తరువాత ఈ గడియారపు లెక్క నిలబడలేదు. లక్షణాలు పూర్తిగా పోయినవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికి, ఎమ్.ఆర్.ఐ.లోని డిఫ్యూజన్ పద్ధతిలో చూస్తే, మెదడులో చిన్న మచ్చ కనబడింది. అంటే కొంత కణజాలం నిజంగానే దెబ్బతిన్నదన్నమాట. అందువల్ల 2009లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అమెరికన్ స్ట్రోక్ అసోసియేషన్ నిపుణులు నిర్వచనాన్నే మార్చారు. లక్షణాలు ఎంతసేపు ఉన్నాయన్నది కాక, కణజాలం నశించినదా లేదా అన్నదే గీటురాయి అయింది. లక్షణం మాయమైనంత మాత్రాన లోపం మాయమైనట్లు కాదని వైద్యశాస్త్రమే అంగీకరించిన సందర్భమిది.

తొందర ఎందుకు?

చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టమన్నారు పెద్దలు. ఈ వ్యాధి విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. 2000 సంవత్సరంలో అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో, టి.ఐ.ఏ.తో అత్యవసర విభాగాలకు వచ్చిన 1707 మందిని గురించిన అధ్యయనం వెలువడింది. వారిలో 10.5 శాతం మందికి 90 రోజులలోపు పూర్తిస్థాయి పక్షవాతం వచ్చింది. అందులో సగం మందికి అది మొదటి 2 రోజులలోనే వచ్చింది. ‘రేపు ఆదివారం చూద్దాం, సెలవు పెట్టినప్పుడు వెళదాం’ అని మనం వాయిదా వేసే రోజులు సరిగ్గా ఆ రెండు రోజులే కావడం గమనార్హం.

భయపెట్టడం మా ఉద్దేశం కాదు, ఎందుకంటే దీనికి మరొక పార్శ్వం కూడా ఉన్నది. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో ప్రొఫెసర్ పీటర్ రాత్వెల్ బృందం 2007లో ప్రకటించిన అధ్యయనంలో, టి.ఐ.ఏ. లేక స్వల్ప పక్షవాతం వచ్చినవారికి వెనువెంటనే పరీక్ష, చికిత్స ఆరంభించినపుడు, 90 రోజులలో మళ్ళీ పక్షవాతం వచ్చేవారి శాతం 10.3 నుంచి 2.1కి పడిపోయింది. అందుకు వాడినవి ఎక్కడా దొరకని మందులేమీ కావు. రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర, రక్తపోటు మాత్ర, కొవ్వును తగ్గించే మాత్ర, అవసరమైనవారికి మెడలోని కెరోటిడ్ ధమని శస్త్రచికిత్స. మందు పాతదే. కొత్తది ఒక్కటే – ఆలస్యం లేకపోవడం.

వైద్యుని గదిలో తేలనిది

టి.ఐ.ఏ. వచ్చిన వ్యక్తి ఆసుపత్రికి చేరేసరికి, చాలావరకు లక్షణాలు పోయి ఉంటాయి. వైద్యుడు చేతులు చాచమంటాడు, చాచుతాడు. వేలితో ముక్కు తాకమంటాడు, తాకుతాడు. పిడికిలి బిగించమంటాడు, బిగిస్తాడు. ఈ పరీక్షలు ఎంతో అనుభవంతో రూపొందినవే. పెద్ద లోపాన్ని అవి తప్పక పట్టుకొంటాయి. కాని వాటి కొలబద్ద స్థూలమైనది. ‘బాగున్నది, కొంచెం తగ్గింది, బాగా తగ్గింది’ అన్న మూడు నాలుగు మెట్లలోనే ఫలితం చెప్పవలసి ఉంటుంది. మీటరు బద్దతో సూక్ష్మమైన మందాన్ని కొలవబోతే ఏమవుతుందో మన వర్క్‌షాపులో పనిచేసేవారికి వేరే చెప్పనక్కరలేదు.

జ్ఞాపకశక్తి, ఏకాగ్రతలకు ప్రశ్నావళులు ఉన్నాయి. 1975 నాటి మినీ మెంటల్ పరీక్ష, 2005లో కెనడాలోని మాంట్రియల్‌లో రూపొందిన 30 మార్కుల మోకా పరీక్ష వాటిలో ప్రసిద్ధమైనవి. వీటికొక చిక్కు ఉన్నది. అవి భాష మీద, చదువు మీద ఆధారపడతాయి. భిలాయిలోని తెలుగు కుటుంబాలకు ఇది బాగా అర్థమవుతుంది. మనం ఇంట్లో తెలుగు, ప్లాంటులో హిందీ, కూరగాయల బజారులో ఛత్తీస్‌గఢీ, కాగితాల మీద ఇంగ్లీషు వాడుతున్నాము. హిందీలో అడిగిన ప్రశ్నకు తడబడిన తెలుగు పెద్దాయన మెదడు వల్ల తడబడ్డాడా, భాష వల్ల తడబడ్డాడా? ఈ తేడాను పసిగట్టడం కష్టమే.

ఇదే సందర్భంలో మన తెలుగువారి గడ్డ మీద జరిగిన ఒక పరిశోధనను చెప్పుకోవాలి. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో, డాక్టర్ సువర్ణ అల్లాడి, డాక్టర్ సుభాష్ కౌల్, వారి సహచరులు 608 మంది పక్షవాత రోగుల వివరాలను పరిశీలించారు. పక్షవాతం తరువాత కూడా ఆలోచనాశక్తి చెక్కుచెదరనివారు, ఒకే భాష తెలిసినవారిలో సుమారు 20 శాతం ఉండగా, రెండు లేక అంతకు మించి భాషలు వాడేవారిలో సుమారు 40 శాతం ఉన్నారు. బహుభాషా వ్యవహారం మెదడుకు ఒక నిల్వ బలాన్ని ఇస్తుందని వారి అభిప్రాయం. ఇది మనకు సంతోషం కలిగించే వార్తే. కాని ఇంజనీరు దృష్టితో చూస్తే ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉన్నదని మాకు అనిపిస్తున్నది. నిల్వ బలం ఉన్న యంత్రం లోపాన్ని పైకి కనబడనీయకుండా కొంతకాలం నడుస్తుంది. కనుక దానిని మరింత సున్నితంగా పరీక్షించవలసి ఉంటుంది.

ఆ కుర్చీలో ఏమున్నది?

కెనడాలో, ఒంటారియో సరస్సు ఒడ్డున కింగ్‌స్టన్ అనే నగరం ఉన్నది. అక్కడి క్వీన్స్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ స్టీఫెన్ స్కాట్, భుజం, మోచేయి కీళ్ళ కదలికను కొలుస్తూ, అవసరమైతే ఆ కీళ్ళ మీద బలాన్ని కూడా ప్రయోగించగల ఒక పరికరాన్ని నిర్మించి, 1999లో దాని వివరాలను ప్రకటించాడు. మెదడు చేతిని ఎలా నడుపుతుందో తెలుసుకోవాలన్నది ఆనాటి లక్ష్యం. తరువాత అదే మనుషుల పరీక్షకు తగిన రోబోగా అభివృద్ధి చెందింది. దాని పేరు కిన్‌ఆర్మ్.

రోబో అనగానే సినిమాలలోని ఇనుప మనిషిని ఊహించుకోనక్కరలేదు. చూడడానికి అది ఒక కుర్చీ. కూర్చున్న వ్యక్తి రెండు చేతులను దోనె వంటి ఆధారాలలో ఉంచుతారు. ఆ ఆధారాలు భుజం, మోచేయి కీళ్ళకు సరిగ్గా అమరిన లోహపు కడ్డీలతో, మోటార్లతో అనుసంధానమై ఉంటాయి. చేతుల బరువును యంత్రమే మోస్తుంది కనుక బల్లమీద జారినంత తేలికగా అవి అడ్డంగా కదులుతాయి. ఎదుట ఒక అద్దం ఉంటుంది. అందులో గుర్తులు, బంతులు ప్రతిబింబించి, చేతులున్న తలంలోనే ఉన్నట్లు కనబడతాయి. అవసరాన్ని బట్టి సొంత చేతులు కనబడకుండా మూసివేయవచ్చు. సెకనుకు 1000 సార్లు చొప్పున చేయి ఎక్కడున్నదో, ఎంత వేగంతో పోతున్నదో యంత్రం నమోదు చేస్తుంది. మన రోలింగ్ మిల్లులలో కంప్యూటరు చేసే పనికి ఇది దూరపు బంధువు కాదు, సొంత తమ్ముడే.

ఆటలా కనబడే పరీక్షలు

ఈ కుర్చీలో చేయించే పరీక్షలు పిల్లల ఆటల్లాగే ఉంటాయి. కాని ఒక్కొక్కటి మెదడులోని ఒక్కొక్క సామర్థ్యాన్ని వేరుచేసి చూపుతుంది. ఈ.ఓ.టి. క్రేను నడిపే మన సోదరుని పనితో పోల్చి చూస్తే వాటి ప్రయోజనం సులభంగా బోధపడుతుంది.

మొదటిది, చేరుకొనే పరీక్ష. మధ్యలో ఒక చుక్క ఉంటుంది. పక్కన మరో చుక్క వెలగగానే వేలిని అక్కడికి చేర్చాలి. చేరాడా లేదా అన్నది మాత్రమే కాదు, కదలడానికి ఎంత ఆలస్యమైంది, మొదటి కదలిక ఏ దిక్కుకు పోయింది, దారి ఎంత వంకరపోయింది, ఎన్ని చిన్న సవరణలతో గమ్యం చేరింది అన్నవన్నీ లెక్కకు వస్తాయి. వైద్యుని గదిలో ‘ముక్కు తాకాడు’ అన్న ఒక్క మాటలో ఇవన్నీ కలిసిపోతాయి. లాడిల్‌ను స్థానానికి తెచ్చేటప్పుడు క్రేను ఒక్కసారిగా ఆగుతున్నదా, ముందుకూ వెనక్కూ తడుముకొంటున్నదా అని కిందనున్నవాడు గమనించినట్లే ఇది.

రెండవది, చేతి స్థాన జ్ఞానాన్ని కొలిచే పరీక్ష. చేతులు కనబడకుండా మూసి, రోబో ఒక చేతిని ఒకచోటికి తీసుకుపోయి ఆపుతుంది. రెండవ చేతిని, అద్దంలో ప్రతిబింబం వలె, సరిగ్గా అదే స్థానానికి మనిషి తనంతట తాను తేవాలి. కళ్ళు మూసుకొని అన్నం ముద్ద నోటికి చేర్చగలుగుతున్నామంటే ఈ జ్ఞానం వల్లనే. క్రేను నడిపేవాని చూపు కింద లాడిల్ మీద ఉంటుంది. చేయి కంట్రోలరు మీద ఉంటుంది. చేయి ఎక్కడున్నదో చూడకుండా తెలియకపోతే ఏమి జరుగుతుందో ఊహించవచ్చు. ఈ లోపం ఉన్నవారి బలం పూర్తిగా మామూలుగా ఉండవచ్చు. అందుకే బయటివారికి అది తెలియదు, తనకూ తెలియదు.

మూడవది, బంతులను కొట్టే పరీక్ష. పైనుంచి బంతులు పడుతూ ఉంటాయి. రెండు చేతుల దగ్గర ఉన్న చిన్న బ్యాట్లతో వాటిని కొట్టివేయాలి. రెండు నిమిషాలకు పైగా సాగే ఈ ఆటలో వేగం, బంతుల సంఖ్య పెరుగుతూ పోతాయి. ఒక పక్క బంతులే ఎక్కువగా తప్పిపోతున్నాయా, ఒక చేయి రెండవ చేతి పని కూడా చేస్తున్నదా అన్నది తెలిసిపోతుంది. దీని తరువాతి మెట్టులో రకరకాల ఆకారాలు పడతాయి. ముందుగా చెప్పిన రెండు ఆకారాలను మాత్రమే కొట్టి, తక్కినవాటిని తప్పించుకోవాలి. కొట్టడం కంటే కొట్టకుండా ఆగడం కష్టం. తొందరలో చేయి ముందుకు పోతుంటే ‘వద్దు’ అని ఆపే శక్తి మెదడులో వేరుగా ఉంటుంది. ప్లాంటులో జరిగే ప్రమాదాలకు ఈ ‘వద్దు’ అన్న ఒక్క క్షణం ఎంత విలువైనదో మనకు తెలుసు.

ఇవికాక, గుర్తు కుడివైపుకు పోవాలంటే చేతిని ఎడమవైపుకు నడపవలసిన తారుమారు పరీక్ష, అంకెలనూ అక్షరాలనూ మార్చి మార్చి వరుసగా కలపవలసిన పరీక్ష వంటివి కూడా ఉన్నాయి. అక్షరాల పరీక్షను మినహాయిస్తే తక్కిన వాటిలో భాష పాత్ర అతి స్వల్పం. ఏమి చేయాలో ఒకసారి మాతృభాషలో చెబితే చాలు. బంతికి తెలుగు, హిందీ భేదం లేదు.

కొలత – హద్దు

సంఖ్యలు ఎన్ని వచ్చినా, వాటిని దేనితో పోల్చాలన్నదే అసలు ప్రశ్న. అరవై ఏళ్ళ వ్యక్తిని ఇరవై ఏళ్ళ యువకునితో పోల్చరాదు. అందుకని ముందుగా ఎందరో ఆరోగ్యవంతులను ఈ కుర్చీలో కూర్చోబెట్టి, వయస్సు, స్త్రీ పురుష భేదం, ఏ చేతివాటం అన్న వాటిని బట్టి సహజమైన హద్దులు నిర్ణయించారు. ఆరోగ్యవంతులలో 95 శాతం మంది ఏ హద్దుల మధ్య ఉంటారో, వాటికి వెలుపల పడిన ఫలితాన్ని లోపంగా పరిగణిస్తారు. మన నాణ్యతా విభాగంలో గోడకు వేలాడే కంట్రోల్ చార్టు సూత్రమే ఇది.

క్వీన్స్ విశ్వవిద్యాలయంలో లీఫ్ సిమ్మాటిస్, నాడీ వైద్యుడు ఆల్బర్ట్ జిన్, స్టీఫెన్ స్కాట్, వారి సహచరులు ఈ రోబోతో టి.ఐ.ఏ. వచ్చి లక్షణాలు తొలగిపోయినవారిని పరీక్షించి, 2017లో ప్లాస్ వన్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. టి.ఐ.ఏ. వలె కొంతసేపు నాడీ లక్షణాలు కలిగించగల మైగ్రేన్ రోగులతో కూడా పోల్చారు. మామూలు పరీక్షలో ఏ లోపమూ కనబడని టి.ఐ.ఏ. రోగులలో పలువురు, రోబో పరీక్షలలో ఏదో ఒకదానిలో హద్దు దాటారు. ఒకరికి కదలికలో, ఒకరికి స్థాన జ్ఞానంలో, మరొకరికి ఆలోచనా వేగంలో – ఒక్కొక్కరి లోపం ఒక్కొక్క తీరుగా ఉన్నది. అదే బృందం ఏడాది కాలంలో ఇటువంటి రోగులను మళ్ళీ మళ్ళీ పరీక్షించి, 2021లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో మరొక వ్యాసం వెలువరించింది.

మళ్ళీ మళ్ళీ కొలవడంలో ఒక విశేషమున్నది. ఒక బేరింగు ఈరోజు ఎంత కంపిస్తున్నదన్న దానికంటే, పోయిన నెల కంటే ఎంత పెరిగిందన్నదే మెయింటెనెన్సు ఇంజనీరుకు ముఖ్యం. మనిషి విషయమూ అంతే. తన నిన్నటి కొలతే తనకు సరైన తూనిక.

రోబో చెప్పలేనిది

ఏ పరికరాన్నయినా దాని హద్దులతో సహా తెలుసుకోవడం ఇంజనీరు ధర్మం. హద్దు 95 శాతం దగ్గర గీసినపుడు, ప్రతి కొలతలోనూ ఆరోగ్యవంతులలో 100కి 5 మంది వెలుపల పడతారు. కొలతలు పెరిగేకొద్దీ యాదృచ్ఛికంగా ఎక్కడో ఒకచోట హద్దు దాటే అవకాశం పెరుగుతుంది. కనుక ఒకే ఒక్క సంఖ్యను చూసి ముద్ర వేయరాదు. అంతేకాదు, కనబడిన లోపం నిన్నటి టి.ఐ.ఏ. వల్లనే వచ్చినదా, ఏళ్ళ తరబడి ఉన్న రక్తపోటు, మధుమేహం సన్నని రక్తనాళాలను దెబ్బతీయడం వల్ల ముందునుంచీ ఉన్నదా అన్నది రోబో చెప్పలేదు. రెండవసారి ఆడినపుడు ఎవరైనా మొదటిసారి కంటే కొంత మెరుగ్గా ఆడతారు. దానిని కోలుకోవడంగా పొరబడరాదు. ఎమ్.ఆర్.ఐ., గుండె పరీక్ష, మెడ ధమనుల స్కానింగు చేయవలసిన పని రోబో చేయదు. అది వైద్యునికి తోడు, వైద్యునికి బదులు కాదు.

మన దేశంలో రోబోల ప్రయత్నాలు ప్రధానంగా పక్షవాతం తరువాత వ్యాయామం చేయించే దిశగా సాగుతున్నాయి. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, మద్రాసు ఐ.ఐ.టి. కలిసి చేతి వ్యాయామం కోసం ప్లూటో అనే చిన్న రోబోను రూపొందించాయి. వ్యాయామం చేయించే యంత్రం కదలికను కొలవగలదు కూడా. ఖర్చు తగ్గిననాడు, జిల్లా ఆసుపత్రి స్థాయిలో కూడా ఇటువంటి సూక్ష్మ పరీక్ష సాధ్యం కావచ్చునని ఆశించవచ్చు.

మన మధ్య దాగిన భయం

అంతవరకు మనమేమి చేయాలి? ఇక్కడ మేము కొంత నిర్మొహమాటంగా మాట్లాడవలసి ఉన్నది.

మన సోదర ఉద్యోగులలో చాలామంది ఇటువంటి లక్షణం వచ్చినపుడు దాచుకొంటారు. అజ్ఞానం వల్ల కాదు, భయం వల్ల. ‘అన్‌ఫిట్ అంటారేమో, క్రేను మీదినుంచి దింపి వేరే పనికి వేస్తారేమో, ఆడపిల్ల పెళ్ళి ముందున్నది, ఓవర్‌టైము పోతుందేమో’ అన్న ఆలోచన ముందు వస్తుంది. ఈ భయం అర్థం చేసుకోదగినదే. దానిని తేలికగా తీసివేయలేము. కాని లెక్క వేసి చూద్దాం. చెప్పుకొన్నవాడు కొన్ని వారాలు కింది పని చేయవలసి రావచ్చు. దాచుకొన్నవాడు, పూర్తి పక్షవాతం వస్తే, కుడి చేయినీ మాటనూ శాశ్వతంగా పోగొట్టుకోవచ్చు. అది లాడిల్ గాలిలో ఉన్న క్షణంలో వస్తే, కిందనున్న నలుగురి ప్రాణాలకూ ముప్పే.

రోబో పరిశోధన మనకు నేర్పుతున్న అసలు పాఠం ఇదే. ‘నాకేమీ లేదు, అంతా సర్దుకొన్నది’ అని రోగి చెప్పే మాట అబద్ధం కాదు. అతనికి నిజంగానే ఏమీ తెలియదు. పగులు పట్టాకు తెలియనట్లే. కనుక ‘నేను బాగానే ఉన్నాను’ అన్న మాట మీద షిఫ్టుకు పంపడం దయ కాదు. అధికారులకు, సహోద్యోగులకు మా విజ్ఞప్తి ఒక్కటే. నిజం చెప్పినవానిని శిక్షించినట్లు అనిపించే ఏ మాటా మన నోటినుంచి రాకూడదు. మరమ్మతుకు వచ్చిన మోటారును మనం తప్పుపట్టము కదా!

కుటుంబ సభ్యులకు

వైద్యునికి లేని ఒక సదుపాయం ఇల్లాలికి, పిల్లలకు ఉన్నది. నిన్నటి మనిషి ఎలా ఉండేవాడో వారికి తెలుసు. ఇంటిలో రోబో లేకపోయినా ప్రతిదినమూ పరీక్షే. ఒకవైపు చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఎక్కువసేపు పడుతున్నదా? కాఫీ గ్లాసు బల్ల అంచున పెడుతున్నాడా? సంతకం వంకర పోతున్నదా? స్కూటరు ఎప్పుడూ ఒకే పక్క గోడకు రాసుకొంటున్నదా? అమ్మ వేసే ముగ్గులో చుక్కలు వరుస తప్పుతున్నాయా? పప్పులో రాళ్ళు ఏరేటప్పుడు ఒక పక్కవి వదిలేస్తున్నదా? తెలుగులో నిన్నటిదాకా అలవోకగా వచ్చిన మాట ఇప్పుడు వెదుక్కోవలసి వస్తున్నదా? వీటిలో ఏదైనా కొత్తగా కనబడితే, తేదీతో సహా ఒక కాగితం మీద రాసి వైద్యునికి చూపించండి. ఆయన అయిదు నిమిషాలలో చూడలేనిది ఆ కాగితం చూపగలదు.

లక్షణం కనబడిన ఘడియలో చేయవలసినవి ఇవి:

ముఖం ఒకవైపు జారడం, ఒక చేయి లేక కాలు పట్టు తప్పడం లేక తిమ్మిరెక్కడం, మాట ముద్దగా రావడం లేక అర్థం కాకపోవడం, ఒక కంటి ముందు తెర దిగినట్లు కావడం, హఠాత్తుగా అడుగు తూలడం – వీటిలో ఏ ఒక్కటి వచ్చినా అది అత్యవసరం. పది నిమిషాలలో తగ్గిపోయినా అత్యవసరమే.

మొదలైన సమయం రాసుకోండి. గడ్డను కరిగించే మందు, అవసరమైనవారికి, సాధారణంగా 4.5 గంటలలోపు ఇవ్వవలసి ఉంటుంది. ఆ గడియారం లక్షణం మొదలైన నిమిషం నుంచే నడుస్తుంది.

ప్లాంటులో ఉంటే షిఫ్టు ఇన్‌చార్జికి చెప్పి మెడికల్ పోస్టుకు, ఇంట్లో ఉంటే 108కి ఫోను చేసి లేక తోడు తీసుకొని సెక్టార్-9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రికి వెళ్ళండి. తనంతట తాను స్కూటరు నడుపుకొని పోరాదు.

స్కానింగు కాకముందు సొంతంగా ఆస్పిరిన్ మాత్ర వేసుకోవద్దు. రక్తనాళం మూసుకొన్నదా, చిట్లినదా అన్నది బయటికి తెలియదు. చిట్లినపుడు ఆ మాత్ర హాని చేస్తుంది. మధుమేహ రోగులలో చక్కెర బాగా తగ్గినా ఇటువంటి లక్షణాలే రావచ్చు కనుక రక్తంలో చక్కెర చూపించుకోవాలి.

ఇక ముందుగా తీసుకోవలసిన జాగ్రత్త మన చేతిలోనే ఉన్నది. రక్తపోటు 140/90 దాటితే నిర్లక్ష్యం వద్దు. తలనొప్పి లేదు కదా అని మాత్ర మానవద్దు. రక్తపోటుకు నొప్పి ఉండదు. బీడీ, సిగరెట్టు, గుట్కాలకు స్వస్తి చెప్పండి. ఊరగాయ, అప్పడం మన తెలుగు భోజనానికి అందమే కాని ఉప్పు విషయంలో చేయి కాస్త వెనక్కు తీయండి. నాడి లయ తప్పి కొట్టుకొంటున్నదని తెలిస్తే ఇ.సి.జి. తీయించుకోండి. నైట్ షిఫ్టు చేసేవారు పగటి నిద్రను విలాసంగా కాక అవసరంగా భావించండి.

ఉక్కు కరగించి పట్టాగా మలచే మనం, పరీక్ష అంటే పట్టా మీద అపనమ్మకం అనుకోము. ఆ పట్టా మీద ప్రయాణించేవారి పట్ల బాధ్యత అనుకొంటాము. అదే బాధ్యతను మన శరీరం పట్ల, మనతో భుజం కలిపి పనిచేసే సోదరుని పట్ల కూడా చూపుదాం. చెయ్యి ఒక్క నిమిషం పట్టు తప్పినా, ఆ సంగతి ఆ రోజే చెబుదాం.